వేలంపాటలో మొదట ఎవరికి: కార్నరా, ఇంకో రైడరా?

తిరుచానూరు కూత:
అన్నలకు నమస్తే. వచ్చే వారం తిరుపతిలో మా కబడ్డీ లీగ్ వేలం. జట్టుకు 12 మంది, ఆటగాళ్లను కొనేదానికి పర్సు 1000 పాయింట్లు, కనీస ధర 20. ఇద్దరు రైడర్లను 400కి అట్టిపెట్టుకున్నాం, ఇద్దరూ ఎడమ పక్క నుంచే కూతకు పోతారు. డిఫెన్స్‌లో ఎవురూ లేరు. మిగిలిన 600తో పదిమందిని కొనాల. ఓనరేమో ఇంకో స్టార్ రైడర్ కావాలని పట్టుబడతా ఉండాడు. మ్యాచ్‌లన్నీ మ్యాట్ మీదే. మీరైతే మొదట ఎవరికి పాడతారు?

చిత్తూరు కవర్:
ఎడమ కార్నర్‌కి, అంటే డిఫెన్స్‌లో ఎడమ చివర నిలబడేవాడికి. ఇందులో ఆలోచించేదేమీ లేదు తమ్ముడూ.

రైడర్ దొరికిపోతే బెంచీ మీద కూర్చుంటాడు. అతన్ని మళ్లీ లోపలికి తెచ్చేది మనోడు ఎదుటోళ్లను తాకి తెచ్చే టచ్ పాయింటో, ఎదుటి రైడర్‌ని పట్టి తెచ్చే టాకిల్ పాయింటో. బోనస్ గీత దాటినందుకు వచ్చే పాయింటుతో మాత్రం అవుటైనోడు తిరిగి రాడు. ఒక రైడర్ బయటుండగా రెండోవాడూ దొరికితే ఇంక పట్టు పట్టేవాడే దిక్కు. లోపల ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టితే సూపర్ టాకిల్, 2 పాయింట్లు. మంచి కార్నర్ విలువ తెలిసేది అక్కడే.

2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు పెట్టింది. మొత్తం పర్సే 5 కోట్లు! ఆ సీజన్‌లో టైటాన్స్ ఆఖరి స్థానం. మీ ఓనర్‌కి ఇదొక్కటి చూపించు.

పాటకు ముందు లెక్క రాసుకో. మిగిలిన పర్సులోంచి, ఇంకా కొనాల్సినోళ్లలో ఒకరిని తీసేసి, తతిమ్మా వాళ్ల కనీస ధర పక్కన పెట్టు. 600లో 9×20 పోతే 420. ఒక్కడికి నువ్వు పాడగలిగే గరిష్ఠం అదే, పాడమని కాదు. ఎడమ కార్నర్‌కి 170, కుడి కార్నర్‌కి 110 దాకా పో. ఇద్దరు కవర్లకు, అంటే కార్నర్ల మధ్యలో నిలబడే డిఫెండర్లకు, కలిపి 130. ఆ ఇద్దరూ ఒకే ఊరి జట్టులో ఆడినోళ్లయితే మేలు. ఇద్దరు చెయ్యీ చెయ్యీ కలిపి పట్టే చైన్ పట్టులో ఒకడు దూకి ఇంకొకడు ఆగిపోతే రైడర్ మధ్యలోంచి జారుకుంటాడు.

కాళహస్తి పట్టు:
కార్నర్ సంగతి సరే, కానీ ఓనర్ మాటలో సగం నిజముంది. ఇద్దరూ ఒకే పక్క నుంచి పోతే ఎదుటి జట్టు రెండు మ్యాచ్‌ల్లో కనిపెట్టేసి చైన్‌ని అటే బిగిస్తుంది. కుడి పక్క నుంచి పోయే రైడర్ ఒకడు కావాల. స్టార్ అక్కర్లేదు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోయాక వచ్చే డూ ఆర్ డైకి, అంటే పాయింటు తేకపోతే అవుటయ్యే కూతకి, భయపడకుండా పోతే చాలు. 70 దాటొద్దు. అప్పటికి 480 అయిపోతుంది, మిగతా ఐదుగురికి 120 ఉంటుంది. అందులో ఒక కార్నర్, ఒక కవర్ రిజర్వు తప్పనిసరి.

డిఫెండర్ వీడియోలో పట్టినవే కాదు, పట్టబోయి వదిలేసినవీ లెక్కపెట్టు. రైడర్ బోనస్‌కి కాలు చాపకముందే దూకేవాడు ఎదుటోళ్లకు ఊరికే పాయింట్లిస్తాడు.

తిరుచానూరు కూత:
థ్యాంక్స్ అన్నా. పుత్తూరు దగ్గర ఒక ఎడమ కార్నర్ ఉండాడు, యాంకిల్ హోల్డ్ (రైడర్ మడమ దగ్గర పట్టు) గట్టిది. కానీ ఇంతవరకు మట్టి కోర్టులోనే ఆడినాడు. తక్కువకే వస్తాడేమో?

చిత్తూరు కవర్:
వేలానికి ముందే షూ వేయించి ఒక పూట మ్యాట్ మీద ఆడించి చూడు. ఉత్త కాళ్లతో మట్టిలో పాదం కాస్త జారుతుంది, దానికి తగ్గట్టే అతని అడుగు కుదిరుంటుంది. మ్యాట్ మీద షూ టక్కున పట్టేస్తుంది. ఆ తేడాతో డైవ్ అర అడుగు తక్కువ పడితే, చెయ్యి ఆనేలోపు రైడర్ మడమ లాగేస్తాడు. మోచేతులు, మోకాళ్లు కూడా ఒరుసుకుపోతాయి, ప్యాడ్లు తప్పనిసరి. చూడకుండా అయితే 60 మించి పాడొద్దు.