"బ్రహ్మాండాంత సంవర్ధియై" – ఆ "త" దగ్గర విసర్గ ఉందా?

అమలాపురం: "ఇంతింతై వటుడింతయై" ఆఖరి పాదం నాకు "బ్రహ్మాండాంత సంవర్ధియై" అనే నోటికొచ్చు. ఇంట్లో పాత భాగవతంలో చూస్తే "త" పక్కన ఎవరో పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టారు. ఏది పాఠం అండీ? ఇంటర్ పిల్లలకి విశ్వం సాగడం గురించి చెప్తూ ఈ పాదం వాడదామని. దూరం నుంచొచ్చే కాంతి సాగి ఎర్రబడుద్ది కదా, తగ్గిన శక్తి ఎటు పోయిందనే దగ్గర ఈ "అంత" నాకు చాలా ముఖ్యం.

రాజోలు: విసర్గ కుదరదండి. శార్దూలం, "హ్మాండాంత" తగణం, "త" లఘువే అవ్వాలి. చుక్కలు పెడితే గురువైపోయి గణం చెడుద్ది.

ఆచంట: గణం సరే, అర్థం? "అంతః" అంటే లోపల, "అంత" అంటే కొస. కొస దాకా పెరిగాడంటే బ్రహ్మాండానికి గోడ ఉన్నట్టే. మీ శక్తి కూడా అక్కడికే పోయుంటది, సిలిండర్లో గ్యాస్ పిస్టన్‌ని తోసి చల్లబడ్డట్టు కాంతి గోడని తోసింది.

అమలాపురం: తోయడానికి గోడేదండీ, ఒత్తిడి అన్నిచోట్లా ఒకటే, అవతలి పక్కంటూ లేదు. బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకి బయల్దేరిన కాంతి అప్పుడు 3000 కెల్విన్, ఇవాళ 2.725. తరంగం దాదాపు 1100 రెట్లు సాగింది, ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి అన్ని రెట్లు తగ్గింది, ఫోటాన్ల లెక్క మాత్రం ఇంచుమించు అంతే ఉంది. ఆ శక్తిని పుచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. 1918లో గణితవేత్త ఎమ్మీ నోతర్ నిరూపించిన దాన్నిబట్టి, కాలం గడిచినా ఏదీ మారని చోటే శక్తి నిత్యం. సాగే విశ్వంలో నిన్నటి ఆకాశం ఇవాళ లేదు, కాబట్టి మొత్తం విశ్వానికి ఆ హామీ లేదు. ల్యాబ్‌లో మాత్రం ఢోకా లేదు.

పాలకొల్లు: గురుత్వంలో కలిసిందంటారు కదండీ?

అమలాపురం: అలా లెక్క రాసేవాళ్లున్నారు, కానీ ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో ఫలానా చోట గురుత్వ శక్తి ఇంత అని తేల్చి చెప్పడం కుదరదు.

పాలకొల్లు: ఇంకోటి, పద్యంలో "ప్రభారాశి" సూర్యుడైతే ఆ తర్వాత చంద్రుడు రావడం ఏంటి? చంద్రుడు దగ్గరే కదా.

ఆచంట: పురాణం లెక్కలో చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాల పైన. పంచమస్కంధం తీయండి, పోతనగారు అక్కడ చెప్పిందే ఇక్కడ పాటించారు.

రాజోలు: తెలుగులో పంచమస్కంధం గంగనగారిదండి. ఎనిమిదోది పోతనగారిది, ఆ "అల్లంతై" దగ్గర తల ఎత్తి మబ్బుల్లోకి చూడాల్సిందే, అలా రాయడం ఇంకొకళ్ల వల్ల కాదు.

పాలకొల్లు: నా మాట వినండి, పద్యమంతా "అంత, అంత" అని కొలతే కదా, ఇదీ ఆ తెలుగు "అంత"యే. బ్రహ్మాండమంత అయ్యాడని.

రాజోలు: అలాగైతే "బ్రహ్మాండమంత" అని ఉండాలండి. ఇది సంస్కృత సమాసం.

పాలకొల్లు: చదివితే సమాసం. పాడితే చెవికి తెలుగే వినపడుద్ది, ఒకసారి పాడి చూడండి.