పాత వీడియో క్యాసెట్లు: డీవీడీలు చేయించాలా, హార్డ్ డిస్కులో వేసుకోవాలా?

అటకపెట్టె: నాన్నగారు తీయించిన వీహెచ్ఎస్ క్యాసెట్లు అటక మీద దొరికాయి. డీవీడీలు చేయించమని అమ్మ, హార్డ్ డిస్కు చాలని చెల్లెలు. ఏది మేలు?

ఫ్రేముబాబాయి: డీవీడీ జోలికి పోకండి. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ. మూడు గంటల క్యాసెట్టును అందులో కుక్కాలంటే బిట్‌రేటు, అంటే ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా, బాగా తగ్గించాలి. వీహెచ్ఎస్ బొమ్మలో ఎప్పుడూ గింజలు గింజలుగా నాయిస్ కదులుతుంటుంది. ఉన్న బిట్లన్నీ దానికే ఖర్చయిపోయి మొహాలు గళ్ళుగళ్ళుగా వస్తాయి. ముందు డీవీ ఫార్మాట్‌లో, అంటే వీడియోను పెద్దగా కుదించని ఫైలుగా, హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి, గంటకు 13 జీబీ దాకా అవుతుంది. అందులోంచి ఎప్పుడైనా డీవీడీ చేసుకోవచ్చు. డీవీడీలో ఒకసారి పోయిన వివరం మాత్రం మళ్ళీ రాదు.

డిస్కేదిక్కు: హార్డ్ డిస్కు పోతే అన్నీ ఒకేసారి పోతాయి. డీవీడీ మీద గీత పడితే ఆ ఒక్కటే పోతుంది. పెద్దవాళ్ళు ప్లేయర్లో పెట్టి బటన్ నొక్కుకుంటారు, ఫోల్డర్లు వెతకమంటే వాళ్ళకు టెన్షన్. రెండు గంటల క్యాసెట్టు ఒక డిస్కులో శుభ్రంగా పడుతుంది.

ఫ్రేముబాబాయి: రెండు గంటలా! లెక్క వేయండి, సెకనుకు సుమారు 5 మెగాబిట్లు వస్తుంది. డిస్కుకు గంట మించి ఎక్కించకూడదు.

డిస్కేదిక్కు: వీహెచ్ఎస్‌లో ఉండేదే అడ్డంగా 240 గీతల వివరం. దానికి 5 చాలదా?

ఫ్రేముబాబాయి: నేను నాయిస్ సంగతి చెబుతుంటే మీరు గీతలు లెక్కపెడుతున్నారు.

పాతరిమోట్: అసలు క్యాసెట్లు ఆడించే వీసీఆర్ ఏదండీ? జపాన్ ఫునాయ్ కంపెనీ కూడా 2016లో వాటి తయారీ ఆపేసింది. పాతది దొరికితే ఆలస్యం చేయకండి.

రీలుపిల్ల: ముందు క్యాసెట్టు కిటికీలోంచి చూడండి. రీలు అంచున తెల్లపొడిలా ఉంటే అది బూజు. మెషీన్లో పెడితే రీలును చదివే హెడ్లకు అంటుకుని, ఆ తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది.

డిస్కేదిక్కు: గంటే ఎక్కించాలంటే రెండు డిస్కులు చేస్తారు, కొంపలు మునిగాయా?

ఫ్రేముబాబాయి: మీరు వినే రకం కాదు. ఫైలును కాపీ చేస్తే ఒక్క బిట్ కూడా తేడా రాదు, ఎంతమందికైనా ఇవ్వొచ్చు.

డిస్కేదిక్కు: ఇవ్వొచ్చు! ఇచ్చారా? మా అన్నయ్య క్యాసెట్లన్నీ పట్టుకెళ్ళి ఫైళ్ళు చేయించాడు. ఒక పెళ్ళి వీడియోలో నాన్న కెమెరా అతనితో "లైటు ఇటు పట్టవయ్యా" అంటారు. మాకు మిగిలిన నాన్న గొంతు అదొక్కటే. ఎప్పుడు అడిగినా "నా దగ్గర భద్రంగానే ఉందిగా" అంటాడు. డిస్కులు చేయించి ఉంటే తలా ఒకటి చేతికొచ్చేది.

ఫ్రేముబాబాయి: అది మీ అన్నయ్య తప్పా, ఫైలు తప్పా?

డిస్కేదిక్కు: ఎవరి తప్పయితే నాకేంటి? బొమ్మ ఎంత బాగుంటుందని మీ గోల. అది ఎవరి దగ్గర ఉంటుందని నా గోల.

ఫ్రేముబాబాయి: ఈ మాట మొదటే చెబితే బిట్‌రేటు దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్ళం కాదు. అయినా 5 చాలదు.

పాతరిమోట్: మా ఇంట్లో తలా ఒక డీవీడీ పంచారు. ఈమధ్య పెడితే ఒక్కటీ ఆడలేదు. ఇంట్లో రాసే డిస్కుల్లో ఉండేది రంగు పొర, ఎండా వేడీ తగిలితే పాడవుతుంది.

డిస్కేదిక్కు: ఎండలో పెట్టమని ఎవరన్నారు?

అటకపెట్టె: సరే, అమ్మకు డీవీడీలు, చెల్లెలికీ నాకూ చెరో హార్డ్ డిస్కు. ఇక క్యాసెట్లు పారేయొచ్చా?

ఫ్రేముబాబాయి: అస్సలు వద్దు! చివరిదాకా చుట్టి, నిలువుగా, తేమ లేనిచోట ఉంచండి. రేపు ఇంకా బాగా ఎక్కించుకోవాలనిపిస్తే అసలు క్యాసెట్టు ఉండాలిగా.

డిస్కేదిక్కు: ఎవరింట్లో ఉంచుతారు?