ట్యాంకు మీద బొమ్మ, ట్యాంకు కింద కారుడు: నీటి పొదుపు బొమ్మలకు డబ్బు పెట్టాలా?

మెట్టపొలం:
మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. పోయిన నెల మా ఓవర్‌హెడ్ ట్యాంకుకు చుట్టూ బొమ్మ వేయించారు. నెర్రెలిచ్చిన నేల, ఒక పచ్చటి చెట్టు, నెత్తిన బిందెతో ఒకావిడ. పైన ‘ప్రతి నీటి బొట్టూ బంగారమే’ అని పెద్ద అక్షరాలు. బొమ్మ బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ ట్యాంకు కింద వాల్వు రెండేళ్లుగా కారుతోంది. మొన్న రాత్రి పడుకోబోయే ముందు దాని కింద బకెట్ పెట్టొచ్చాను. తెల్లారి వెళ్తే నిండి పొర్లుతోంది. బొమ్మలో ఆవిడ పాదాల దాకా గోడకి నాచు పట్టింది, కింద బురదలో రెండు పందులు. వాల్వుకి డబ్బుల్లేవన్నవాళ్లకి రంగులకి ఎక్కడి నుంచి వచ్చాయి? నీళ్ల పని అయ్యేదాకా నీళ్ల బొమ్మకి పైసా ఇవ్వకూడదని నేనంటాను. కాదనేవాళ్లు రండి.

రంగులడబ్బా (నెల్లూరు):
అన్నా, నేను చేసేది ఆ పనే. మీ ఊరిది మాత్రం నాది కాదు. మాకు నినాదం ముందే రాసిస్తారు, బొమ్మ ఫోన్‌లో పంపిస్తారు, చదరపు అడుగుకి ఇంతని లెక్కగట్టి ఇస్తారు. ఎండిన నేల, పచ్చటి చెట్టు కాకుండా ఇంకేదైనా వేస్తానంటే ‘నీకెందుకయ్యా’ అంటారు. అది గోడకి సున్నం వేయడం లాంటిదే, కాకపోతే రంగులు ఎక్కువ. దాన్ని చూసి కళకే డబ్బులొద్దంటే ఒప్పుకోను.

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో నవజోత్ అల్తాఫ్ అనే ముంబయి కళాకారిణి అక్కడి ఆదివాసీ కళాకారులతో కలిసి చేతిపంపుల దగ్గర పని చేశారు. పంపు చుట్టూ గచ్చు చేయించారు, ఒలికిన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోయేట్టు కాలువ పెట్టారు. బిందె నేల మీంచి ఒక్కసారిగా నెత్తికెత్తుకోకుండా మధ్యలో దించి పట్టుకునేందుకు అరుగులు కట్టారు. గోడల మీద వాళ్ల ఆకారాలే. అది బొమ్మా, నీళ్ల పనా? మీరే చెప్పండి.

మెట్టపొలం:
అది మేస్త్రీ పని. మంచి పని. దానికి కళ అని పేరు పెట్టకపోయినా నీళ్లు ఇంకుతాయి.

కుళాయికాడ:
మేస్త్రీ పనే అయితే మన మేస్త్రీలెవరికీ ఆ అరుగు ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదంటావు తమ్ముడూ? బిందె మోసే మనిషిని పక్కన కూర్చుని చూసినవాళ్లకే అది తోస్తుంది.

నాకు ఆ బొమ్మల మీద ఉన్న కోపం వేరే. ఎక్కడ చూసినా నీళ్లు మోసేది ఆడదే, పొదుపు చెయ్యమని బుద్ధి చెప్పేదీ ఆమెకే. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకి పోసేది మేము. మా వీధి ఆర్.ఓ. ప్లాంటులో క్యాను నీళ్లకి అంతకంటే ఎక్కువ నీళ్లు సైడు కాలువలోకి వదిలేస్తారు. ఆ ప్లాంటు గోడ మీద వేశారా ఎవరైనా ‘ప్రతి బొట్టూ బంగారమే’ అని?

పెన్నాఒడ్డు:
అబ్బయ్యా మెట్టపొలం, కోపంలో అన్నావు గానీ, మనకి వాన తక్కువైనప్పుడల్లా ముందు గుర్తొచ్చింది కళే. వాన మొహం చాటేస్తే ఊళ్లలో విరాటపర్వం చదివించేవాళ్లు. తెలుగులో అది రాసిన తిక్కన మన నెల్లూరువాడే, పెన్న నీళ్లు తాగినవాడు.

మెట్టపొలం:
చదివిస్తే వాన పడిందా పెద్దాయనా?

పెన్నాఒడ్డు:
మా ఊళ్లో పడలేదు. కానీ తొమ్మిది రాత్రులు ఊరంతా చెరువు కట్ట మీదే కూర్చుంది. అన్ని కులాలవాళ్లూ, దాయాదులూ ఒకే చాప మీద. పద్యానికీ పద్యానికీ మధ్య మాటలేం నడుస్తాయి? చెరువుకి నీళ్లొచ్చే కాలువని ఎవరు ఎక్కడ కలిపేసుకున్నారన్నదే మాట. పదో రోజు పొద్దున్నే పారలు తీసుకుని వెళ్లారు. నాకు పదేళ్లప్పుడు, గంపలు అందించాను. కాలువ కలిపేసుకున్నవాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడని ఆరోజే తెలిసింది. ఇంట్లో రెండ్రోజులు ఎవరూ మాట్లాడుకోలేదు.

బద్వేలుబస్సు:
మా పోరుమామిళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఉదయగిరి నుంచి ఎంతో దూరం లేదు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు, 1369 నాటి శాసనం. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని రాళ్ల మీద చెక్కించాడు. చెరువుకి ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు కూడా అందులో ఉన్నాయి. కట్టలోంచి నీళ్లు కారడం ఆ దోషాల్లో ఒకటి! ఆయన చెరువు కట్టించాకే శాసనం వేయించాడు. మనం ముందు శాసనం వేయించాం, చెరువు సంగతి తర్వాత. కాబట్టి నా ఓటు మెట్టపొలానికే.

రంగులడబ్బా:
అన్నా, ఆ రాయి చెక్కినవాడికీ కూలి ఇచ్చే ఉంటారు గదా. అప్పుడెవరైనా ‘ఈ డబ్బుతో ఇంకో వంద గంపల మట్టి పోయించొచ్చు’ అని ఉంటే, దోషాల లెక్క ఈరోజు నువ్వు చెప్పగలిగేవాడివా?

మెట్టపొలం:
సరే, అక్క చెప్పిన ప్లాంటు గోడ మాట, పెద్దాయన చెప్పిన కట్ట మాట ఒప్పుకుంటాను. కానీ ఇవేవీ సర్కారు ఆఫీసు డబ్బుతో అయినవి కావు. ఆఫీసు డబ్బుతో వేస్తే ఆఫీసు తప్పు చూపించే బొమ్మ వేయనివ్వరు. అందుకే నినాదం ఎప్పుడూ బిందె పట్టుకున్న మనిషికే. నా మాట అక్కడే ఉంది.

రంగులడబ్బా:
అక్కడ నేను నీతోనే ఉన్నాను. ఒక పని చేద్దామా? వాల్వు పక్కనున్న స్తంభం మీద, కారినన్ని బకెట్లకి అన్ని చిన్న బకెట్ బొమ్మలు. నినాదం వద్దు, పేరు వద్దు. రోజూ నువ్వు లెక్క పెట్టు, నేను అచ్చు కోసిస్తాను, దాని మీద స్పాంజితో రంగు అద్దితే చాలు, చిన్నపిల్లలైనా వేస్తారు.

కుళాయికాడ:
కేసు పెడతారేమో చూసుకోండి. పెడితే బకెట్లు లెక్కపెట్టి సాక్ష్యం చెప్పడానికి నేనొస్తా.

మెట్టపొలం:
దీనికి పైసా రాదు కాబట్టి చర్చలో గెలిచింది నేనే. స్తంభం చుట్టుకొలత రేపు కొలిచి చెప్తాను. నీలం రంగు మిగిలిందా నీ దగ్గర?

రంగులడబ్బా:
లీటరున్నర ఉంది. రెండేళ్ల పాతవి కూడా వేయాలంటే చాలదు.