డాక్టర్ లేనప్పుడు పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) మందులు రాయొచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
మా చెల్లె బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. రౌండ్స్‌లో కేసు షీటు రాయడం, ఆపరేషన్‌లో సాయం చేయడం బాగానే ఉంది. కానీ సార్ ముందే సంతకం పెట్టి వెళ్లిన ఖాళీ చీటీల మీద సాయంత్రం వచ్చే పేషెంట్లకు ఈమెతోనే మందులు రాయిస్తున్నారు, రోజూ టెన్షన్‌తో ఇంటికొస్తోంది. పీఏ డాక్టర్ కింద ఎంతవరకు చేయొచ్చో రూల్ ఉందా? అమెరికాలో ఎట్లా ఉంటది?

జవాబు (కరీంనగర్, డాక్టర్):
ఆ చీటీల మీద రాయడం రేపటి నుంచే ఆపమనండి తమ్ముడూ. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) చట్టం 34వ సెక్షన్ కింద, డాక్టరుగా రిజిస్టర్ కాకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో పీఏలు ఉన్నారు, రిజిస్ట్రేషన్ రాష్ట్ర కౌన్సిల్ చూడాలి. మంచి చట్టమే, కానీ ఒక డాక్టర్ కింద ఎంతమంది పీఏలు ఉండాలనే లెక్క అందులో లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే, ఆ ఖాళీని యాజమాన్యాలు వాడుకుంటున్నాయి, ఇరుక్కునేది ఇట్లాంటి పిల్లలు.

జవాబు (డాలస్ నుంచి, మాది జనగామ):
ఇక్కడ రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో పీఏ మందులు రాయాలంటే డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఏ రకం మందులు రాయొచ్చు, కేసు ఎప్పుడు డాక్టర్‌కు పంపాలి, ఎమర్జెన్సీలో ఏం చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. మామూలుగా ఒక డాక్టర్ ఏడుగురికి మించి ఇట్లా అధికారం ఇవ్వకూడదు. నార్త్ డకోటా 2019లో చాలా చోట్ల ఆ ఒప్పందం అక్కర్లేదంది, కానీ ఇక్కడి పీఏలు డిగ్రీ తర్వాత మాస్టర్స్ చేసి, జాతీయ పరీక్ష పాసై, లైసెన్స్ తీసుకున్నవాళ్లు. దాన్ని చూపించి మన దగ్గర చేయిస్తామంటే ఒప్పుకోవద్దు.

జవాబు (వరంగల్, స్టాఫ్ నర్స్):
చెల్లెతో ఒక కాగితం అడిగించండి, తన పనులేంటి, ఏ డాక్టర్ కింద, ఆయన లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అని. ఫోన్‌లో ఆర్డర్ చెప్తే టైము, డాక్టర్ పేరు కేసు షీటులో రాసి, వచ్చాక సంతకం పెట్టించాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా. కాగితం ఇవ్వమంటే ఉద్యోగం పోతుందేమోనని భయపడుతోంది.

స్టాఫ్ నర్స్:
కాగితం ఇవ్వం అని తెగేసి చెప్పిన చోట ఉండొద్దు. అనుభవం ఉన్న పీఏకి వేరే దవాఖాన దొరుకుతది, కేసు అయితే మాత్రం మీ వెంట ఎవరూ రారు.