సాహసం శాయరా? సేయరా? (కేకు మీద రాయించాలి, త్వరగా చెప్పండి)

టికెట్టు దొరకలేదు: ఈ వారం వరసగా మూడు పాత సినిమాలు చూశాను. గుండమ్మ కథ మూడోసారి, మాయాబజార్ ఎన్నోసారో లెక్కలేదు. పాతాళ భైరవి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చూడటం ఇదే తొలిసారి. తిట్టకండి, ఎస్వీ రంగారావు లేని సీన్లలో ఫోన్ చూసుకున్నాను. ఆయన వస్తే మాత్రం ఫోన్ పక్కన పడేయాల్సిందే. సరే, అసలు సంగతి: మాంత్రికుడు తోట రాముడితో అనేది "సాహసం శాయరా డింభకా" అనా, "సేయరా" అనా? వెనక్కి తిప్పి తిప్పి విన్నా తేలలేదు. తమ్ముడు కొత్త ఉద్యోగానికి ఊరు వదిలి వెళ్తున్నాడు, కేకు మీద రాయించాలి. ఆరింటికల్లా బేకరీలో చెప్పాలి.

అరసున్న: సేయరా. ఇందులో సందేహమేముంది? సాహసము + చేయరా. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు. చ పోతే స వస్తుంది, శ ఎక్కడిది?

బందరు లడ్డు: ఆ సూత్రం రాసిన చిన్నయసూరి షూటింగుకి రాలేదండీ. ఎస్వీఆర్ నోట వినపడేది శాయరానే. పాత కైఫీయతుల్లో, అదే కరణాలు రాసిన ఊరి చరిత్రల్లో, "ప్రతిష్ఠ శాయించి" లాంటివి కనిపిస్తాయి. సినిమాకి మాటలు రాసిన పింగళి నాటకాల్లోంచి వచ్చిన మనిషి, వింధ్యరాణి నాటకం రాసినవాడు. ఆ పాత వాసన కావాలనే తగిలించాడని నా నమ్మకం.

అరసున్న: కరణాల రాతలు ప్రమాణమైతే ఇక వ్యాకరణం దేనికి, అటక మీద పెట్టేద్దాం.

మేకమేలు: ఇద్దరూ రాత గురించి కొట్టుకుంటున్నారు. అడిగింది చెవి సంగతి. "మేక", "మేలు" పైకి అనండి. మేకలో "ఏ" కాస్త నోరు తెరుచుకుని "ఆ" వైపు జారుతుంది, పక్కన "అ" ఉంది కాబట్టి. చేయరాలోనూ అంతే. ఆ ధ్వనికి మనకు అక్షరం లేదు. ఒకరికి సే, ఇంకొకరికి శా.

అరసున్న: అచ్చు సంగతి ఒప్పుకున్నా. హల్లు మాటేమిటి?

మేకమేలు: "చేసినాడు" కుదించి "చేశాడు" అంటున్నాం కదా, అందులో శ ఎవరిచ్చారు?

అరసున్న: అది వ్యావహారికం. మాంత్రికుడు మాట్లాడేది గ్రాంథికం.

బందరు లడ్డు: సగం గ్రాంథికం! అదే పింగళి తమాషా. మాటలు పుట్టించడానికి ఆయనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి చేత ఆ సంగతి చెప్పించేశాడు కూడా. అస్మదీయులకు ఎదురు యుష్మదీయులు అనకుండా తస్మదీయులు అనిపించాడు. ఏ నిఘంటువు చూసి రాశాడు? అందులోని పడవ పాటలో లాహిరి మాటే తీసుకోండి...

కృష్ణా తీరం: లాహిరి అంటే అల. సంస్కృతం లహరి. వాళ్ళు ఎక్కింది పడవ.

బందరు లడ్డు: మా అమ్మమ్మ లాహిరి అంటే కైపు అనేది. పడవలో ఉన్నంత మాత్రాన అన్నీ అలలేనా?

టికెట్టు దొరకలేదు: అయిదున్నర అయింది.

అరసున్న: శా, సే వదిలేయండి, అసలు డింభకుడంటే ఎవరు? "పోతః పాకోఽర్భకో డింభః" అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. పసివాడు. మూర్ఖుడనే అర్థం కూడా ఉంది. బలివ్వడానికి తీసుకెళ్తున్నవాణ్ణి ముద్దుగా పిలుస్తూనే తిట్టడం చూడండి.

మేకమేలు: చివరికి బలైంది పిలిచినవాడే. ఇంతకీ డింభకుడు ఎవరంటారు?

కృష్ణా తీరం: 1951 నుంచీ జనం దాన్ని "పిల్లోడా" అనే వింటున్నారు. పక్కింటి పిల్లాడు సైకిలు నేర్చుకుంటుంటే వాళ్ళ నాన్న ఈ మాటే అరుస్తాడు. బలి ఎవరికీ గుర్తుకు రాదు.

టికెట్టు దొరకలేదు: ఫోన్లో శాయరా అనే చెప్పేశాను. కేకొచ్చింది. "సాహసం చాయరా డింబకా" అని ఉంది.

మేకమేలు: చాయరా! బేకరీ వాడి చెవి మనందరికంటే నయం.

అరసున్న: ఆ భకి ఒత్తు ఏదీ?

బందరు లడ్డు: క్రీము చాలలేదేమో.

టికెట్టు దొరకలేదు: కోసేశాం. "చా" ఉన్న ముక్క తమ్ముడు తినేశాడు.