ఫిల్టర్ చేసిన కొన్ని నెలలకే బీడీవీ మళ్లీ పడిపోతోంది, ఆయిల్ మార్చేయాలా?

ప్రశ్న:
మా పాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆయిల్ బీడీవీ (ఆయిల్ ఎంత వోల్టేజీ వరకు తట్టుకుంటుందో చెప్పే రీడింగ్, తేమ పెరిగితే తగ్గుతుంది) తగ్గినప్పుడల్లా ఫిల్ట్రేషన్ చేయిస్తున్నాం. ఆ వారం రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, కొన్ని నెలలు తిరిగేసరికి మళ్లీ మొదటికే. ఎక్కడా లీకేజీ లేదు, లోపలికి వెళ్లే గాలిని ఆరబెట్టే బ్రీదర్‌లోని సిలికాజెల్ (తేమ పీలిస్తే రంగు మారుతుంది) కూడా చాలా కాలంగా నీలంగానే ఉంది. కొత్త ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ ఇంకొన్నేళ్లు నిలుస్తుందా?

సమాధానం 1:
కొత్త ఆయిల్ పోసినా ఇదే జరుగుతుందండి. లోపలి తేమలో దాదాపు అంతా ఉండేది ఆయిల్‌లో కాదు, వైండింగ్ కాగితంలో, ప్రెస్‌బోర్డులో (ఇన్సులేషన్ అట్ట). మీరు ఆయిల్‌ను ఆరబెట్టగానే కాగితం తన తేమను మెల్లగా అందులోకి వదులుతుంది, అందుకే రీడింగ్ పడిపోతోంది. వేడెక్కినప్పుడు ఇంకా ఎక్కువ వదులుతుంది, కాబట్టి శాంపిల్ తీసేటప్పుడు ఆయిల్ టెంపరేచర్ రాసుకోకపోతే ఆ తేమ పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకెను దేనితోనూ పోల్చలేరు. ఒకసారి ఫిల్టర్ చేసి వదిలేయడం కాదు, నెలల తరబడి నడిచే ఆన్‌లైన్ డ్రైయర్ పెట్టాలి, లేదా షట్‌డౌన్ తీసుకుని వేడి ఆయిల్ సర్క్యులేషన్, వాక్యూమ్ మార్చి మార్చి చేయాలి.

సమాధానం 2:
పై మాట నిజం. దానికి తోడు, ఆయిల్ పాడైతే మార్చుకోవచ్చు, కాగితం పాడైతే వైండింగే మార్చాలి. కొత్త కాగితం డీపీ (దాని సెల్యులోజ్ గొలుసుల పొడవు, బలానికి కొలత) సుమారు 1000 ఉంటుంది, 200కి దిగితే ఇక బలం లేనట్టే, షార్ట్ సర్క్యూట్ కుదుపు ఒక్కటి వచ్చినా చిరిగిపోవచ్చు. మామూలు క్రాఫ్ట్ కాగితానికి హాట్‌స్పాట్ (వైండింగ్‌లో అన్నిటికన్నా వేడి చోటు) 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకూ అరుగుదల రెట్టింపవుతుందని లెక్క. పైగా కాగితం చివికేటప్పుడు తనే నీటిని పుట్టిస్తుంది, ఆ నీరు మళ్లీ కాగితాన్నే తింటుంది. ముందు ఫ్యూరాన్ టెస్ట్ (కాగితం చివికి ఆయిల్‌లో కలిసే పదార్థాల పరీక్ష) చేయించండి, డీజీఏలో (ఆయిల్‌లో కరిగిన వాయువుల పరీక్ష) కార్బన్ మోనాక్సైడ్ ఎలా పెరుగుతోందో చూడండి. రేడియేటర్లు శుభ్రంగా ఉన్నాయా, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా? ఎవరూ పట్టించుకోని పని అదే.

సమాధానం 3:
సిలికాజెల్ రంగు మారకపోవడం నాకు మంచి లక్షణంగా అనిపించట్లేదు. గాలి బ్రీదర్ గుండా కాకుండా వేరే దారిలో వెళ్తోందేమో. కన్సర్వేటర్‌లో (పైనుండే చిన్న ఆయిల్ ట్యాంకు) ఆయిల్ లెవెల్‌కి పైనున్న గాస్కెట్ పోతే చుక్క కూడా కారదు, కానీ ట్రాన్స్‌ఫార్మర్ చల్లబడిన ప్రతిసారీ తేమ గాలి అక్కణ్ణుంచే లోపలికి పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
లీకేజీ అంటే ఆయిల్ కారడం ఒక్కటే చూశామండి. పై గాస్కెట్లు, బ్రీదర్ పైపు చెక్ చేయిస్తాను.

సమాధానం 3:
బ్రీదర్ కింది కప్పులో ఆయిల్ ఉందో లేదో కూడా చూడండి. లోడ్ మారేటప్పుడు అందులో బుడగలు అసలు రాకపోతే గాలి వేరే దారి పట్టినట్టే. ఆ దారి మూశాకే డ్రైయింగ్‌కి ఖర్చు పెట్టండి.