ఉంపుడుగత్తె: ఎలైజా లించ్‌కు ఈ మాట అతుకుతుందా?

ప్రశ్న: పరాగ్వే నియంత ఫ్రాన్సిస్కో సొలానో లోపెస్‌తో 1854 నుంచి 1870 దాకా ఉన్న ఐరిష్ మహిళ ఎలైజా లించ్ గురించిన వ్యాసం ఇది. "ఉంపుడుగత్తె" అనవచ్చా? గత్తెనా, కత్తెనా?

జవాబు: పెంచు–పెంపుడు, దించు–దింపుడు ఎలాగో ఉంచు–ఉంపుడు అలాగే. దానికి కత్తె చేరింది. అందగత్తెలో గకారం, చెలికత్తెలో కకారం ఉన్నట్టే దీనికి రెండు రూపాలూ కనిపిస్తాయి. ఒకే వ్యాసంలో కలపకండి, అంతే.

చిక్కంతా అర్థంలో ఉంది. పనికత్తె పని చేస్తుంది, వేటకత్తె వేటాడుతుంది. ఉంపుడుగత్తె ఏమీ చేయదు, ఆమెను ఇంకొకరు ఉంచుకుంటారు, పెంపుడు చిలకను పెంచుకున్నట్టు. లించ్ పారిస్ పోకడలను, దుస్తులను పరాగ్వే రాజధాని అసున్సియోన్‌కు తెచ్చింది. బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వేలతో లోపెస్ చేసిన యుద్ధకాలంలో లక్షల ఎకరాల సర్కారు భూమి తన పేర రాయించుకుంది. చిలక పనులా ఇవి?

మరో సభ్యులు: పోనీ, చిన్నిల్లు?

జవాబు: పెద్దిల్లు ఉంటేనే కదండీ చిన్నిల్లు! లోపెస్ ఎవరినీ పెళ్లాడలేదు. పెళ్లయింది ఆవిడకే, 1850లో, కాత్రఫాజ్ అనే ఫ్రెంచి సైనికోద్యోగితో. అప్పట్లో ఫ్రాన్సులో విడాకుల చట్టం లేదు. కాబట్టి "రెండో భార్య" కూడా తప్పే.

మరో సభ్యులు: అక్కడి జనం "మదామా" అనేవారు. దానికి దొరసాని బాగుంటుందేమో. పరాయి దేశపు వాసన, అధికారం రెండూ వస్తాయి.

జవాబు: కోస్తాలో సరే. తెలంగాణ పాఠకుడికి దొరసాని అంటే గడీలో దొర పెళ్లాం, పెళ్లి ముద్ర పడిపోతుంది. "మదామా"నే ఉంచేయండి. "సహచరి" మరీ మర్యాద మాట, లోపెస్ తల్లీ చెల్లెళ్లూ ఆమెను వెలివేసిన సంగతి అందులో కనబడదు. "ఉంపుడుగత్తె"ను వాళ్ల నోట పెట్టండి. 1867లో ఆడవాళ్లు యుద్ధానికిచ్చిన నగలు ఆమే కాజేసిందన్న ఆరోపణ దగ్గరా పనికొస్తుంది. రచయిత గొంతులో మాత్రం వద్దు. 1870 మార్చి 1న సెర్రో కోరాలో లోపెస్‌నూ, పాంచితో అనే పదిహేనేళ్ల కొడుకునూ బ్రెజిల్ సేన చంపాక, ఇద్దరినీ లించ్ తన చేతులతోనే పూడ్చిపెట్టింది. ఆ వాక్యానికి "ఉంపుడుగత్తె"ను కర్తగా పెట్టి ఒకసారి పైకి చదవండి.